నిర్గంధి

సుంకులమ్మ ఆ ట్రంకుపెట్టెను ఏడాదికి ఒక్కసారే తెరిచేది. అదీ తలుపుకు గడియ పెట్టి, కిటికీ మూసి, ఫ్యాను ఆపి. లోపల పాత దుప్పట్లో చుట్టిన ఖాకీ చొక్కా ఉండేది. పన్నెండేళ్ల కిందట నల్లమలలో ఎలుగుబంటి చేతిలో పోయిన మొగుడు ఓబులేసుది. ఆయన అడవి కాపలా పని చేసేవాడు. పోయిన రోజు వేసుకున్న చొక్కా కాదది. ముందురోజు విడిచి, గోడకొక్కేనికి తగిలించి వెళ్లినది. సుంకులమ్మ దాన్ని ఉతకలేదు. ఒక్కసారి అందులో ముఖం పెట్టి, గుండె నిండా పీల్చి, గబుక్కున మూత వేసేది. ఎక్కువసేపు తెరిస్తే వాసన అయిపోతుందని భయం.

అసలు ఆమెకు భయం లేనిదెప్పుడు? గ్యాస్ కట్టేసి పడుకుని, మళ్లీ లేచి చూసొచ్చేది. కూతురు తుమ్మితే జ్వరమనుకునేది. జ్వరమే వస్తే నోటితో అనలేనిదేదో అనుకునేది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే ఘాట్ రోడ్డు లోయ మొత్తం ఆమె కళ్ల ముందు తిరిగేది. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా భయం దగ్గరే చదువుకుంది.

అలాంటి మనిషికి అడవంటే ప్రాణం పెట్టే కూతురు పుట్టింది.

భ్రమర చెట్ల చదువు చదివింది. డిగ్రీ చేతికి రాగానే ఆత్మకూరు దాటాక అడవి అంచున కొత్తగా పెట్టిన పరిశోధన కేంద్రంలో చేరింది. పిల్లను ఒంటరిగా పంపలేక, వంటమనిషి కావాలన్నారని విని తల్లీ అక్కడే కుదురుకుంది. నాలుగు రేకుల గదులు, ఒక ప్రయోగశాల, ఒక వంటిల్లు. కేంద్రం మొత్తానికి ఒకటే ఫ్రిజ్జు. అది వంటింట్లో ఉండేది. పెరుగుగిన్నె పక్కనే డాక్టర్ కృపాకర్ గారి మందుసీసాలుండేవి. అంతా ఆ ఫ్రిజ్జు దగ్గరే మొదలైందని తర్వాత సుంకులమ్మ చాలాసార్లు అనుకుంది.

మందు పేరు నిర్గంధి. పాలలా తెల్లగా, చిక్కగా ఉండేది. రోజూ పొద్దున ఒక్క చెంచా.

భ్రమర వారం రోజులు తాగాక బయన్నను పిలిపించారు. బయన్న చెంచుగూడెం పెద్ద. ఓబులేసుతో కలిసి ఇరవై ఏళ్లు అడవి తిరిగినవాడు. సుంకులమ్మను చెల్లే అనేవాడు. భ్రమరకు మామ. అతని వెనకాల ఎప్పుడూ కర్రి అనే నల్లకుక్క ఉండేది. తప్పిపోయిన మేకనైనా, శ్రీశైలం కాలిబాటలో దారి తప్పిన భక్తుడినైనా వాసన పట్టి తెచ్చిచ్చేది.

భ్రమర తన దిండు గలేబు బయన్న చేతికిచ్చి, పోయి నీళ్ల డ్రమ్ము వెనక దాక్కుంది. కర్రి గలేబును మూచూసింది. తిప్పి ఇంకోసారి మూచూసింది. తర్వాత బయన్న ముఖంలోకి చూసి, తోక దించుకుని కూలబడింది. చేతిలో ఏమీ లేకుండా ఏం వెదకమంటున్నావని అడిగినట్టుంది దాని చూపు.

"ఇదేం మాయ సారూ?" అన్నాడు బయన్న. "గుడ్డ ఉండాది, మనిషి ల్యా."

డాక్టర్ కృపాకర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకునేవాడు. "మన చెమటకు సొంతంగా పెద్ద వాసనేమీ ఉండదు బయన్నా. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు మన ఒంటి మీద కోట్లు ఉంటాయి. వాసన పుట్టించేది అవి. ఈ మందు చెమటలోకి దిగి వాటి నోరు కట్టేస్తుంది. ఇన్నాళ్లూ మనం చూసింది అడవిని కాదు. మన వాసనకు పారిపోతున్న అడవిని. ఇప్పుడు చూస్తాం, అసలుదాన్ని."

"మళ్లా వాసన వస్తాదా సార్?" వంటింటి గుమ్మంలోంచి సుంకులమ్మ అడిగింది.

"మానేసిన పది రోజులకు మామూలేనమ్మా. మీరు కంగారు పడకండి."

కంగారు పడకండి అని ఎవరైనా అన్నారంటే ఆమెకు కంగారు రెట్టింపయ్యేది.

ఆ సాయంత్రం కూతురికి జడ వేయడానికి కూర్చుంది. నూనె రాయకూడదట. సబ్బు, పౌడరు, పూలు ఏవీ కూడదట. పొడిజుట్టునే దువ్వుతూ, అలవాటుగా వంగి నడినెత్తిన ముద్దు పెట్టుకోబోయి ఆగిపోయింది. ఆ తలకో వాసన ఉండేది. పురిట్లోంచి ఆమెకు తెలిసిన వాసన. ఎండకు ఎండిన జొన్నగడ్డిలాగా కొంచెం పులుపు, కొంచెం తీపి. ఇప్పుడక్కడ ఏమీ లేదు. అద్దానికి ముక్కు ఆనించినట్టుంది.

"ఏమైపోయినావే పాపా?" ఆమె దువ్వెన పక్కన పెట్టింది. "సచ్చిన పీనుక్కైనా ఉంటాది గదే వాసన."

"దానికి ఇంకా బాగుంటాదిలేమ్మా," భ్రమర పకపకా నవ్వింది. "మూడు రోజులకు వీధంతా ఉంటాది."

"తూ! నోరు కడుక్కో పో. పెండ్లి కావాల్సిన పిల్ల మాట్లాడే మాటలేనా అవి?"

ఆ నెలంతా కేంద్రంలో పండగలాగా గడిచింది. భ్రమర తెల్లవారుతూనే ఒక్కతే పోయి ఏ రాతి మీదో కూర్చునేది. మధ్యాహ్నం వచ్చి కెమెరా ఇస్తే అందరూ గుమిగూడి చూసేవాళ్లు. బెట్లుడత తన పిల్లను నోట కరుచుకుని ఒక గూట్లోంచి ఇంకో గూటికి మారుస్తోంది. అలుగు తన పొలుసుల మీది మట్టిని తీరిగ్గా గీరుకుంటోంది. రేసుకుక్కల గుంపు ఆమె కాళ్లకు మూరెడు దూరంలో ఆడుకుంటోంది. ఒకరోజు ఆడ కణితి జింక ఒకటి దగ్గరికొచ్చి, ఆమె మోచేతి మీది చెమటను ఉప్పుకోసం నాకిపోయింది.

"నాలుక ఎంత గరుకో తెల్సా మ్మా! కొబ్బరి తురుమే దాని మాదిరి." చెయ్యి చాపి తల్లికి చూపించింది. మూడు రోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు.

సుంకులమ్మ ఆ చేతిని చూడలేదు. ఇంకేదో ఆలోచిస్తోంది. "ఏమే, ఎలుగ్గొడ్డుకు గూడా నీ వాసన తెలీదా?"

"దేనికీ తెలీదు."

ఆ పూట పన్నెండేళ్ల తర్వాత ఆమెకు నాలుగు ముద్దలు కమ్మగా దిగాయి. ఓబులేసు బీడీలు తాగేవాడు. ఆ కంపుకే ఎలుగుబంటి ఆయన్ను పసిగట్టిందని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే కట్టుకుంది. ఆ మందు అప్పుడే ఉండుంటే తన మనిషి బతికేవాడు. ఇప్పుడు పిల్లకైనా ఉంది. మర్నాడు సీసాలున్న అరను తనే తుడిచి, వాటికి పసుపు బొట్టు పెట్టింది. డాక్టర్ చూసి నవ్వుకున్నాడు.

కొండగోగులు పూసి రాలిపోయాయి. ఇప్ప మొగ్గ తొడిగింది. ఒకరోజు భ్రమర ఎండ ఎక్కకముందే తిరిగొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. అరుగు మీద కూర్చున్న బయన్న పక్కన కూలబడి నీళ్లడిగింది.

"పుట్ట పక్కనుంచి పోతాండా మామా. అవతలపక్క ఎలుగ్గొడ్డు పుట్టలో తలపెట్టి చెదలు జుర్రుకుంటాంది. దానికీ నాకూ రెండు బారలు ల్యా. తల ఎత్తి చూసింది. నిలువునా లేచింది. నేను మద్దిమానుకు అతుక్కుపోయినా. ఏమనుకుందో ఏమో, గుర్రుమని పోయింది."

బయన్న కుక్కను దగ్గరికి తీసుకున్నాడు. కర్రి చెవులు నిమురుతూ అన్నాడు. "పాపా, ఎలుగ్గొడ్డుకు కండ్లు సరిగా ఆనవు. దానికుండేదంతా ముక్కే. మన వాసన దూరంనుంచే తగిల్తే గొణుక్కుంటా పక్కకు పోతాది. మనమంటే దానికి పగా ల్యా, ప్రీతీ ల్యా. పక్కలోనే మనిషి మొలిచినట్టు ఉంటేనే బెదిరి కలబడ్తాది. మీ నాయన పోయింది గూడా అట్లే. ఆ పొద్దు ఎదురుగాలి. ఆయప్ప వాసన దానికి చేరల్యా. చేరుంటే అదే తప్పుకునేది. మన వాసనే మనకు ముందు నడిచే మనిషి. నువ్వు ఆ మనిషిని ఇంట్లో పెట్టి పోతాండావు."

లోపల రోట్లో పచ్చడి నూరుతున్న సుంకులమ్మ ఆ మాటలు విన్నది. విని, రోకలి ఇంకా గట్టిగా వేసింది. ఎవరు చూసినారు ఎదురుగాలని? పన్నెండేళ్లు మోసిన నమ్మకాన్ని ఒక్క మాటకు దింపుకోవడం ఆమెకు చేతకాలేదు.

భ్రమర ఆ రోజే డాక్టర్ దగ్గరికెళ్లి మందు మానేస్తున్నానని చెప్పింది. ఆయన ముఖం వాడిపోయింది, కానీ కాదనలేదు. "అలాగేనమ్మా. కానీ వాసన తిరిగొచ్చేదాకా పది రోజులు లోపలికి అడుగు పెట్టొద్దు. పదకొండో రోజు కర్రి నిన్ను పసిగడితేనే వెళ్లు."

గదికొచ్చాక తల్లీకూతుళ్లకు పెద్ద గొడవైంది.

"మానద్దే! నీ కాళ్లు పట్టుకుంటా. ఆ బయన్నకేం తెల్సు?"

"ఆయనకు గాక ఇంకెవరికి తెల్సమ్మా? నీకా? అడివి గేటు దాటి ఎన్నడన్నా లోపలికి పోయినావా నువ్వు?"

"మీ నాయన్ను పంపి చూసినా గదా. సాలదా?"

దాంతో భ్రమర మెత్తబడింది. తల్లి ఒళ్లో తల పెట్టుకుంది. "భయం నీదిమా, ఒళ్లు నాది. నా వాసనతో నన్నుండనీ."

మర్నాడు పొద్దున సుంకులమ్మ మజ్జిగ చిలికింది. ఉప్పు, అల్లం, కరివేపాకు వేసింది. గ్లాసులో పోసి, ఫ్రిజ్జు తెరిచి, తెల్లమందు ఒక చెంచా కలిపింది. ఒక్కటి చాలదేమోనని రెండోదీ కలిపింది. ఆమె చేత్తో ఏది వేసినా అంతే. కూరలో కారం తప్ప అన్నీ ఒక చెంచా ఎక్కువే. కూతురు గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"మజ్జిగ బాగుండాదిమా ఈ పొద్దు."

ఆ మాటకు తల్లి ముఖం వెలిగింది. తప్పు చేస్తున్నానని అప్పుడు ఆమెకు తోచలేదు. చంకనున్న బిడ్డకు దిష్టిచుక్క పెడుతున్నట్టే ఉంది.

పది రోజులూ అలాగే సాగింది. డాక్టర్ తన గదిలో కూర్చుని పాత వీడియోలు చూసుకుంటూ ఫ్రిజ్జు వైపే రాలేదు. భ్రమర ఇంటిపట్టునే ఉండి చెట్లకు కట్టే చీటీలు తయారు చేసింది. పసుపు ప్లాస్టిక్ ముక్కలు, ఒక మూల రంధ్రం, దానికి నూలుదారం. పేర్లు రాసే పని తల్లికిచ్చింది. సుంకులమ్మ నాలుక బయటపెట్టి, గుండ్రటి అక్షరాలతో ఒక్కో పేరూ రాసేది. నల్లమద్ది. ఏగి. సార. తపసి. తునికి.

"తునికిలో కొమ్ము యాడ పోయిందిమా? 'తనికి' అంటే ఏ చెట్టు?"

"కొమ్ము అదే మొలుస్తాదిలే. చెట్టు గదా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సాయంత్రాల్లో పిల్ల గేటు లోపలే ఉంది, పగలంతా కళ్ల ముందే ఉంది. సుంకులమ్మ బతుకులో అంత నెమ్మదైన పది రోజులు మరి లేవు.

పదకొండో రోజుకు బయన్న లేడు. కొండచరియకు పట్టిన తేనె తీసే కాలం. చెంచుల్లో తేనెకు చరియ దిగేవాడి తాడు బావమరిదే పట్టాలి. చెల్లెలి తాళిని తలుచుకునేవాడు చచ్చినా తాడు వదలడని వాళ్ల లెక్క. బయన్న చెల్లెలి మొగుడు ఈసారి దిగుతున్నాడు. తాడు పట్టడానికి బయన్న, అతనితోపాటు కర్రి, రెండు కొండల అవతలికి పోయారు. ఎప్పుడొస్తారో తెలియదు.

ఇప్పపూలు రాలే రోజులు నాలుగే. పొద్దుపొడుపు వేళ ఏ జీవాలు వాటికోసం వస్తాయో రాసుకోవాలి. భ్రమర కాలు ఆగడం లేదు. సంచి సర్దుకుని, చీటీలూ పెన్సిలూ జేబులో వేసుకుని, గడప మీద తల్లి ముందు కూర్చుని తల వంచింది.

"కర్రి లేదు. నువ్వే చూడుమా. నీకన్నా ఎవరికి తెలుస్తాది? వచ్చిందా?"

సుంకులమ్మ వంగింది. పొయ్యి మీది రొట్టె వాసన వస్తోంది. వాకిట్లో తడిమన్ను వాసన వస్తోంది. ఎక్కడినుంచో ఇప్పపూల మత్తువాసనా వస్తోంది. కూతురి నడినెత్తి దగ్గర మాత్రం ఏమీ లేదు.

చెప్పేయాలనుకుంది. మాట గొంతుదాకా వచ్చింది. చెప్తే ఈ పిల్ల ఇక తన చేతి గ్లాసు ముట్టదు. ఈ పొద్దు ఆగుతుంది, నిజమే. పది రోజులాగి వాసనతోనే అడవికి పోతుంది. ఆ తర్వాత జన్మంతా వాసనతోనే పోతుంది. చెప్పకపోతే? ఏమీ తెలియకుండానే భద్రంగా ఉంటుంది.

"వచ్చింది, పాపా."

"నిజంగానా? ఎట్లుండాది?"

"ఎండిన జొన్నగడ్డి మాదిరి. ఎప్పట్లాగే."

భ్రమర లేచి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, మజ్జిగ తాగి, గ్లాసు బోర్లించింది. "ఇప్పవనం దాకానే. మైలు దూరం. పన్నెండుకంతా వస్తా. నువ్వు గేటు కాడ నిలబడి అందర్నీ చంపకు."

పన్నెండయింది. సుంకులమ్మ గేటు దగ్గరే ఉంది. పన్నెండుంపావుకు వాచ్‌మన్ దగ్గర ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మో, పోయిన నెల పాప తలస్నానానికి పోతే బావిలో పడిందన్యావు గదా," అన్నాడు వాచ్‌మన్. "ఇంకోసారి సెల్లు ఎత్తలేదని పులి అన్యావు. ఊరుకో తల్లా, వస్తాది."

రెండింటికి డాక్టర్ కూడా అదే అన్నాడు, ఇంకొంచెం మర్యాదగా. ఆమె భయం అక్కడ అందరికీ రోజూ వినిపించే రేడియో. నాలుగు గంటలకు గానీ ఎవరూ కదల్లేదు. ఇప్పవనంలో భ్రమర సంచి, అందులో సెల్లు దొరికాయి. పూలు రాలిన నేల దున్నినట్టుంది. పెద్ద అడుగుల పక్కన చిన్న అడుగులు రెండు జతలు. పిల్లల తల్లి ఎలుగుబంటి. నెత్తురుచుక్కలు వాగుదాకా పోయాయి. వాగు నీళ్లలో అంతమయ్యాయి. పొద్దు గూకింది.

తేనె కొండకు మనిషిని పంపితే తెల్లవారేసరికి బయన్న, కర్రి వచ్చారు. బయన్న భుజం మీద తాడు అలాగే ఉంది. సుంకులమ్మ చేతుల్లోని దిండు గలేబును అతను తీసుకుని కర్రి ముందు పెట్టాడు.

కర్రి మూచూసింది. తిప్పి మూచూసింది. తోక దించుకుని కూలబడింది.

"అదెట్లా?" డాక్టర్ గలేబును చేతిలోకి తీసుకున్నాడు. "ఆ పిల్ల మానేసి పదకొండు రోజులు. నిన్నటికే వాసన వచ్చుండాలి. మానలేదా? నాకు అబద్ధం చెప్పిందా?"

"నా బిడ్డ అబద్ధం చెప్పలేదు," అంది సుంకులమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నేను పోసినా. మజ్జిగలో. రోజూ రెండు చెంచాలు." ఆమె రెండు వేళ్లు ఎత్తి చూపించింది, లెక్క వాళ్లకు అర్థం కాదేమోనన్నట్టు. "నిన్న పొద్దున వాసన వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నా."

ఎవరూ ఆమె మీదికి రాలేదు. తిట్టలేదు కూడా. ఎవరైనా ఒక్క తిట్టు తిడితే బాగుండునని ఆమె ఒక్కొక్కరి ముఖమూ చూసింది. బయన్న భుజం మీది తాడు దించి నేల మీద పెట్టాడు.

"వాగు అవతల గాలిలో ఏమన్నా తగులుతాదేమో చూస్తాం," అని కర్రిని తీసుకుని పోయాడు.

నెత్తురు జాడను వాగు నీళ్లే కడిగేశాయి, అవతల ఏమీ తగల్లేదు. వాళ్లు వాగు దాటి, తపసిచెట్ల వాలు ఎక్కి, దిగి, సాయంత్రానికి వట్టి చేతులతో వచ్చారు. అరిచిన అరుపులకు బదులు లేదు. మూడో రోజు బయన్న కుక్కను ఇంట్లో కట్టేసి, కళ్లను నమ్ముకుని పోయాడు. ఈసారి సుంకులమ్మ వెనకే నడిచింది. ఎవరు ఆపినా ఆగలేదు. జన్మలో మొదటిసారి ఆమె గేటు దాటింది.

మధ్యాహ్నం దాటాక, వాగు ఒంపులో, నల్లమద్ది మాను మీద పసుపు చీటీ కనిపించింది. రొమ్ము ఎత్తులో కట్టి ఉంది. తన గుండ్రటి అక్షరాలే. నల్లమద్ది.

"పాప కట్టిందే," బయన్న గొంతు లేచింది. "దారి చెప్తాంది!"

ముప్పై అడుగుల అవతల సారచెట్టుకు ఇంకొకటి. నడుం ఎత్తులో. తర్వాత ఏగి మొక్కకు, మోకాలి ఎత్తులో. సుంకులమ్మ పరుగెత్తుతోంది. చీటీలు కిందికి కిందికి ఎందుకు దిగుతున్నాయో ఆమెకు అర్థం కాలేదు. బయన్నకు అర్థమైంది. అతను నడక నెమ్మది చేసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

చివరి చీటీ తునికిచెట్టు మొదట్లో, చీలమండ ఎత్తులో ఉంది. కొమ్ము లేని తునికి. దాని పక్కన బండ కింద భ్రమర ఒరిగి కూర్చుని ఉంది. చున్నీతో మెడా భుజమూ గట్టిగా చుట్టుకుంది. గొంతు దగ్గరే గాయం. కేక వేసే వీలు లేదు. కళ్లు మూసి ఉన్నాయి. చీమలు ఇంకా పట్టలేదు.

బయన్న పిల్ల చెయ్యి తాకి చూసి, తల దించుకున్నాడు. తెల్లవారిందాకా ప్రాణం ఉండిందని అతనికి తెలిసింది. నిన్న పొద్దున తాను కర్రితో వాగు దాటిన చోటు అక్కడినుంచి నలభై అడుగులు కూడా లేదని కూడా తెలిసింది. మొదటిది చెప్పాడు. రెండోది చాలాకాలం చెప్పలేదు.

సుంకులమ్మ చీటీని తిప్పి చూసింది. వెనక పెన్సిలుతో కూతురి రాత. చిన్న అక్షరాలు, వంకరపోయాయి. ఆమె ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంది.

"అమ్మా. నడవలేను. భయపడకు. వాసన వచ్చింది గదా, కర్రి వస్తుంది. ఇక్కడే కూచుంటా."

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదివింది. ఐదో తరగతిలో ఆగిపోయిన చదువు అక్కడిదాకా ఎందుకు వచ్చిందో ఆమెకు ఆ రోజు తెలిసింది. తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన అరుపుకు కొండముచ్చులు కొమ్మలు వదిలి పారిపోయాయి.

ఎలుగుబంటిని పట్టాలని, బోను పెట్టాలని పదిమంది వచ్చారు. సుంకులమ్మ గేటుకు అడ్డంగా నిలబడింది. "దాని పిల్లలకేమో అవుతుందని అది బెదిరింది. నేనూ అంతే. బోను పెట్టాలంటే నాకు పెట్టండి." వాళ్లు తిరిగిపోయారు.

డాక్టర్ కృపాకర్ సీసాలన్నీ తెచ్చి, పెరట్లో గుంట తీసి పారబోశాడు. కళ్లద్దాలు తాడుకు వేలాడుతున్నాయి. "మందు నాదమ్మా. పాపం నాది. అందరికీ అలాగే రాసిస్తాను. మీ పేరు ఎక్కడా రాదు."

"కలిపిన చెయ్యి నాది సార్," అంది ఆమె. "రాస్తే అది గూడా రాయండి. ఇంకో తల్లి చదువుకుంటాది."

ఊరికి వచ్చేశాక నలభై రోజులు ఆమె భ్రమర బట్టల సంచి తెరవలేదు. నలభై ఒకటో రోజు తలుపు గడియ పెట్టింది. కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. సంచిలోంచి కూతురు విడిచిన చొక్కా తీసింది. కేంద్రంలో గోడకొక్కేనికి మిగిలినది. ఉతకనిది. ముఖం అందులో పెట్టి గుండె నిండా పీల్చింది.

ఏమీ లేదు. కొత్త గుడ్డకైనా గంజివాసన ఉంటుంది. దానికి అదీ లేదు.

చున్నీ తీసింది. దుప్పటి, జడకు కట్టే రిబ్బను, చెప్పులు తీసింది. దువ్వెన తీసి పళ్ల మధ్య చిక్కుకున్న వెంట్రుకలను ముక్కుకు ఆనించుకుంది. ఇరవైమూడేళ్ల పిల్ల ఈ భూమ్మీద తిరిగిందనడానికి ఒక్క పీల్పు వాసన కూడా మిగలలేదు. అదంతా తనే రోజుకు రెండు చెంచాల చొప్పున చెరిపేసింది.

చీకటి పడేముందు ఆమె ట్రంకుపెట్టె తెరిచింది. ఓబులేసు ఖాకీ చొక్కా తీసింది. బీడీ పొగ, ఆకుల దుమ్ము, చెమట ఇంకా సన్నగా ఉన్నాయి. గుండీలు విప్పి, లోపల కూతురి చొక్కా పరిచింది. చేతుల మీద చేతులు వచ్చేట్టు సర్దింది. తండ్రి చొక్కాను దాని మీదుగా కప్పి, గుండీలు పెట్టి, దుప్పట్లో చుట్టి, మూత వేసింది. ఎంత కాలానికైనా కొంచెం పట్టకపోతుందా. ఆయన రక్తమే గదా.

ఇప్పుడు ఆమె ఏడాదికోసారి కాదు, రోజూ తెరుస్తుంది. అయిపోతుందన్న భయం లేదు. చాలా భయాలు ఇప్పుడామెకు లేవు. గ్యాస్ కట్టేసిందో లేదో కూడా లేచి చూసుకోదు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, పెట్టె ముందు కూర్చుని, కూతురి చొక్కా కాలరు దగ్గర ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని, చాలాసేపు వాసన చూస్తుంది. ఆ తర్వాత నిజమే చెప్తుంది.

"ఇంకా రాలేదు, పాపా."